బీడును అడవిగా చూపే మ్యాపుతో చెక్‌డ్యామ్ కట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో వాటర్‌షెడ్ పనులు చేసేటప్పుడు వంక మీద చెక్‌డ్యామ్ ఎంత ఎత్తు కట్టాలి, ఊటకుంట ఎక్కడ తవ్వాలి, చెరువు మరవ (అలుగు) ఎంత వెడల్పు ఉండాలి అన్నవి కంప్యూటర్ లెక్కను బట్టి తేలుతున్నాయి. ఆ లెక్కకు పునాది భూ వినియోగ మ్యాపు. ఎక్కడ పంట ఉంది, ఎక్కడ కంప పెరిగింది, ఎక్కడ బండ తేలింది అని ఉపగ్రహ చిత్రం ఆధారంగా రంగులు వేసిన పటం అది. రంగు తప్పితే నీళ్ల లెక్క ఎంత దూరం తప్పుతుందో పనులు మంజూరు చేసేవారికీ, గ్రామసభలో చేతులెత్తే రైతులకూ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాం.

500 హెక్టార్ల చిన్న వాటర్‌షెడ్ తీసుకుందాం. ఓ మోస్తరుగా నీరు ఇంకే ఎర్రనేల, లెక్కల భాషలో ‘బి’ గ్రూపు. ఒక్క రోజులో 80 మిల్లీమీటర్ల వాన పడింది. మన దేశంలో వాడే కర్వ్ నంబర్ (ఎంత పెద్దదైతే అంత ఎక్కువ నీరు పారుతుందని చెప్పే అంకె) పట్టిక ఈ నేల బీడుగా ఉంటే 80, చిట్టడవిగా ఉంటే 47 తీసుకోమంటుంది. 25,400ను ఆ నంబరుతో భాగించి 254 తీసేస్తే నేల పట్టు, అంటే నేల ఎంత నీరు పట్టుకోగలదో, మిల్లీమీటర్లలో వస్తుంది. బీడుకు అది 63.5. అందులో పదింట మూడు వంతులు, అంటే 19 మిల్లీమీటర్లు, నేలను తడపడానికే పోతాయి. మిగిలిన 61ని 61తో గుణించి, 61కి 63.5 కలిపిన మొత్తంతో భాగిస్తే దాదాపు 30 మిల్లీమీటర్లు పారుతుంది. 500 హెక్టార్ల మీద అది లక్షన్నర ఘనపు మీటర్ల నీరు, ఎంసీఎఫ్‌టీల్లో (పది లక్షల ఘనపు అడుగుల్లో) చెప్పుకుంటే ఐదుకు పైనే. అదే నేలను మ్యాపు చిట్టడవి అంటే పట్టు 286, అందులో మొదట తడపడానికి పోయేదే 86. వాన 80. వంకలోకి వచ్చేది సున్నా.

ఐదు ఎంసీఎఫ్‌టీకీ సున్నాకూ మధ్య ఉన్నది ఒక్క రంగు. సున్నా అని నమ్మి మరవ చిన్నది పెడితే మొదటి పెద్ద వానకే కట్ట కోసుకుపోతుంది. అడవిని బీడు అని నమ్మితే కాంక్రీటు గోడ ఏళ్ల తరబడి ఎండి నిలబడుతుంది.

ఈ రెండింటినీ మ్యాపు ఎందుకు కలిపేస్తుంది? మా చూపులో అన్నిటికంటే పెద్ద కారణం ఒకే సీజను చిత్రం వాడటం. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు తక్కువ, చిత్రం శుభ్రంగా దొరుకుతుంది. అందుకని దాంతోనే పని ముగించేస్తారు. కానీ ఆ నెలల్లో వేరుశనగ చేను, బీడు, మట్టిరోడ్డు పక్క ఖాళీ స్థలం అన్నీ ఒకే ఎర్రగా కనిపిస్తాయి. బీళ్లలో ఆకు నిలుపుకునేది ఎక్కువగా సర్కారు తుమ్మే. దాంతో కంప మూసిన బీడు, నీళ్లు లేని చెరువు గర్భం అడవి రంగు తొడుక్కుంటాయి. ఖరీఫ్ చిత్రం ఒక్కటే తీసుకున్నా గండమే. విడపనకల్లు, ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలో చాలా పొలాలను ఖరీఫ్‌లో ఖాళీగా ఉంచి, అక్టోబరు, నవంబరుల్లో పప్పుశనగ విత్తుతారు. అక్కడ సెప్టెంబరు చిత్రం పంట నేలను బీడంటుంది. ఎర్రనేలల్లో జనవరి చిత్రం అదే మాట అంటుంది.

కాబట్టి ఆగస్టు-సెప్టెంబరు, జనవరి, ఏప్రిల్, కనీసం మూడు చిత్రాలు కావాలి. ఇంకా మంచిది, ఏడాది పొడవునా నెలకొక పచ్చదనం సూచీ (ఎన్‌డీవీఐ) కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చడం. ఆ సూచీలో చేను ఏడాదికి ఒకసారి లేచి పడుతుంది. చెరువు కింది మడి రెండుసార్లు లేవవచ్చు. చీనీ తోట ఏడాదంతా ఒక మట్టంలో ఉంటుంది. బీడు వానలకు కాస్త పచ్చబడి వెంటనే వాడిపోతుంది. కంప్యూటర్ ఈ నడకను చూసి గుర్తుపట్టాలి, ఒక్క రోజు రంగును చూసి కాదు. ఖరీఫ్‌లో మబ్బు అడ్డమైతే మబ్బును దాటి చూసే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఉన్నాయి. నాటే ముందు నీళ్లు నిలిపిన మడి వాటిలో నల్లగా కనిపించి, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. వరిని పట్టుకోవడానికి అంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. వేరుశనగకు మాత్రం రాడార్ అంత సాయపడదు.

చిత్రం ఎంత సూక్ష్మంగా చూస్తుందో సెంట్లలో చెబితే రైతులకు సులువుగా అర్థమవుతుంది. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) 10 మీటర్ల చదరం, అంటే రెండున్నర సెంట్లు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ చుక్క 22 సెంట్లు. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలో లిస్-3 కెమెరా చుక్క పదమూడున్నర సెంట్లు, ఏవిఫ్స్ కెమెరా చుక్క ముప్పావు ఎకరా దాటుతుంది. ఏవిఫ్స్‌తో తీసిన 1:2,50,000 స్కేలు మ్యాపు జిల్లా మొత్తం పంట విస్తీర్ణానికి పనికొస్తుంది, 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌కు పనికిరాదు. పది మీటర్ల చిత్రానికీ ఇబ్బందులు లేకపోలేదు. ఆరు మీటర్ల ఎడంతో నాటిన లేత చీనీ తోటలో ఒక చుక్కలోకి చెట్టు కొంత, దున్నిన ఎర్రమట్టి కొంత వస్తాయి. దాన్ని బీడు అనొచ్చు, చేను అనొచ్చు, తోట అనడమే అరుదు. నంబూలపూలకుంట సోలార్ పార్కు లాంటి చోట నల్లటి పలకలను నీళ్లుగా చూపే ప్రమాదం ఉంది. చెరువే లేని చోట చెరువు పుట్టిందంటే ముందు ఆ అనుమానమే రావాలి.

రెడీమేడ్ మ్యాపుల గురించి ఒక మాట. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) తన భువన్ వెబ్‌సైటులో ఉంచిన 1:50,000 మ్యాపులు చూసుకోవడానికి మంచి ఆధారం, కానీ అందులో 2015-16 అని ఉంటే అది ఆనాటి నేల. యూరప్ అంతరిక్ష సంస్థ వరల్డ్‌కవర్ మ్యాపు పది మీటర్లదే అయినా చీనీ, మామిడి తోటలను అడవితో కలిపి ‘చెట్లు’ అనే ఒకే రంగు కింద చూపుతుంది. మెట్ట చేనుకూ తడి చేనుకూ తేడా చూపదు. దాని 2020, 2021 మ్యాపులను పక్కపక్కన పెట్టి అడవి ఇంత తగ్గింది, ఇంత పెరిగింది అని లెక్కగట్టడం శుద్ధ తప్పు. రెండింటినీ వేర్వేరు పద్ధతుల్లో తయారుచేశారు. కనిపించే తేడాలో ఎంత నేలదో, ఎంత పద్ధతిదో విడదీయలేం.

సొంతంగా చేసుకునేవాళ్లు జారిపడే గుంటలు మరో రెండు. సెంటినెల్-2 విలువలకు 2022 జనవరి 25 నుంచి వెయ్యి కలిపి ఇస్తున్నారు. అంతకుముందు చిత్రాన్నీ తర్వాతి చిత్రాన్నీ సరిచేయకుండా కలిపితే పచ్చదనం హఠాత్తుగా పడిపోయినట్టు కనిపిస్తుంది, కరువు వచ్చిందని భ్రమపడతాం. రెండోది ఈ జిల్లాలకే వచ్చిన తిప్పలు. 78 డిగ్రీల రేఖాంశం ఇక్కడే పోతుంది. మ్యాపుల కొలతల కోసం భూగోళాన్ని నిలువు పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో ఆ రేఖే రెండు జోన్లకు హద్దు. అనంతపురం పట్టణం 43వ జోన్‌లో, కదిరి 44వ జోన్‌లో పడతాయి. నేలల మ్యాపు ఒక జోన్‌లో, భూ వినియోగం మరో జోన్‌లో ఉంచి, మార్చుకోకుండా ఒకదానిపై ఒకటి వేస్తే పొరలు కలవవు. వాటర్‌షెడ్ అంతటికీ ఒకే జోన్ ఎంచుకుని, మిగతా పొరలన్నీ దానిలోకి మార్చుకోవాలి. విస్తీర్ణం లెక్క ఆ తర్వాతే.

మ్యాపు సరిగ్గా వచ్చాక కూడా నీళ్ల లెక్క దగ్గర ఒక తప్పు కాచుకుని ఉంటుంది. వాటర్‌షెడ్ మొత్తానికి కర్వ్ నంబర్ సగటు తీసి ఒకేసారి లెక్క వేయడం. సగం బండతేలిన గుట్ట, సగం చిట్టడవి ఉందనుకోండి. గుట్టకు 90, అడవికి 47. సగటు 68.5తో లెక్కిస్తే 80 మిల్లీమీటర్ల వానకు పన్నెండున్నర మిల్లీమీటర్లు పారుతుంది. విడివిడిగా లెక్కిస్తే గుట్ట నుంచి 51, అడవి నుంచి సున్నా, మొత్తం మీద సగటున 25 దాటుతుంది. రెట్టింపు తేడా. గుట్ట నీళ్లు నేరుగా వంకలోకి దిగితే రెండో లెక్కే నిజం. అడవి మీదుగా పారి వస్తే కొంత దారిలో ఇంకుతుంది. ఏది జరుగుతుందో వాలు మ్యాపు చూసి తేల్చాలి. నల్లరేగడి బాగా ఎండి లేనప్పుడు మొదట తడపడానికి పోయే వాటాను పదింట మూడు వంతులు కాకుండా పదింట ఒక వంతుగా తీసుకోవాలన్నదీ మరవకూడదు. నెల రోజులు వాన లేక ఎండిన నేలకు నంబరును తగ్గించాలి. బీడు 80 కాస్తా 64 అవుతుంది, పారే నీరు 30 నుంచి ఎనిమిదికి పడిపోతుంది.

ఇక తనిఖీ. ‘మ్యాపు 90 శాతం కరెక్టు’ అని రాసి వదిలేస్తే చాలదు. 400 చోట్ల చూస్తే 360 సరిపోయాయనుకోండి, 90 శాతమే. కానీ బీడువి 30 చోట్లు ఉండి అందులో 12 మాత్రమే సరిపోతే, మనకు అక్కర్లేని చోట మార్కులు వచ్చి అక్కరున్న చోట పోయినట్టే. కాబట్టి ఒక్కో రకానికి కనీసం 50 చోట్లు చూడాలి. అవి రోడ్డు పక్కవి ఏరుకున్నవి కాకూడదు, చీటీ తీసినట్టు ఎంచినవి కావాలి. కంప్యూటర్‌కు నేర్పడానికి వాడిన పాయింట్లతోనే దానికి పరీక్ష పెట్టకూడదు. ఫోను జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది కాబట్టి గట్టు మీద నిలబడి పాయింటు తీయొద్దు. కనీసం 30 మీటర్ల చదరం ఉన్న మడి ఎంచుకుని నడిమధ్యకు వెళ్లి తీయాలి.

జిల్లా వాటర్‌షెడ్ అధికారులకు మా వినతి ఒక్కటే. ప్రతి డీపీఆర్‌లో (సవివర ప్రాజెక్టు నివేదికలో) మ్యాపు పక్కనే నాలుగు వివరాలు అచ్చు వేయండి: ఏ తేదీల చిత్రాలు వాడారు, మ్యాపు ఏమంది నేల మీద ఏముంది అన్న రకాలవారీ పట్టిక, ఏ రకానికి ఏ కర్వ్ నంబర్ ఇచ్చారు, నేల గ్రూపు ఎక్కడి నుంచి తీసుకున్నారు. ఆ మ్యాపును పెద్దగా అచ్చు వేసి, సర్వే నంబర్లతో సహా గ్రామసభలో గోడకు తగిలించండి. ‘ఇది అడవి కాదు, మా బీడు, కంప మూసింది’ అని చెప్పగలిగిన మనిషి ప్రతి ఊర్లో ఉంటాడు. ఆ మాట విని రంగు మార్చడానికి ఖర్చేమీ లేదు. పాయింట్లు తీసే పని మాత్రం పంట నేల మీద ఉండగానే జరగాలి. ఎర్రనేలల్లో వేరుశనగ పీకేలోపు ఒకసారి, నల్లరేగడిలో పప్పుశనగ కోతకు ముందు జనవరిలో ఒకసారి. ఆ రోజులు దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

— వాటర్‌షెడ్ మ్యాపింగ్ సాంకేతిక సిబ్బంది, అనంతపురం