మాట పడిపోయినవారి కోసం: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా శనివారం సాయంత్రాల చుట్టూనే తిరిగింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కలిసి కూర్చునే రెండు గంటలవి. డాక్టర్లు దీన్ని అఫేసియా అంటారు. మెదడులో, చాలామందికి ఎడమవైపున, భాషను నడిపించే చోట దెబ్బ తగిలితే వస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. మాట పోయిందంటే తెలివి పోయిందని కాదు. ఈ ఒక్క సంగతి బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పడానికే మాకు చాలా సమయం పట్టింది.

మన దగ్గరికి వచ్చే ఒకాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మొదట్లో భార్య పేరు కూడా నోటికి వచ్చేది కాదు. 'టీ కావాలా, మంచినీళ్లా?' అని అడిగితే పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ఒక శనివారం స్పీచ్ థెరపిస్టు ఆయనతో కలిసి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టారు. నాలుగు దగ్గర ఆయన అందుకుని ఇరవై దాకా గడగడా చెప్పేశారు. తర్వాత 'శుక్లాంబరధరం' ఎత్తుకుంటే శ్లోకమంతా వచ్చేసింది. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. అంకెలు, వారాల పేర్లు, శ్లోకాలు, పాటలు చాలామందిలో ఇలా మిగిలే ఉంటాయి. రాగం కట్టి మాట పలికించే పద్ధతిని అమెరికాలో 1973లోనే ప్రకటించారు. అయితే శ్లోకం వచ్చింది కదా అని మాట వచ్చేసినట్టు కాదు. అక్కణ్నుంచి 'టీ' అని తనంతట తాను అడగడానికి ఆయనకు ఇంకా చాలా వారాలు పట్టింది. ఇంటివాళ్లు ఇది తెలుసుకుని ఓపిక పట్టాలి.

మాట రానప్పుడు వేలితో చూపించి అడగడానికి ఇంటింటికీ ఒక ఫోటోల పుస్తకం చేయించాం. వాళ్ల గ్లాసు, వాళ్ల మాత్రల డబ్బా, వాళ్ల మనవరాలు, అన్నీ ఫోన్‌లో తీసిన ఫోటోలే. బజారులో దొరికేవి పిల్లల చార్టులు. ఇల్లు నడిపిన మనిషిని యాపిల్ బొమ్మ ముందు కూర్చోబెడితే ఎంత చిన్నతనంగా ఉంటుందో మేం కళ్లారా చూశాం.

బాధపెట్టిన సంగతి కూడా చెప్పాలి. కుడిచెయ్యి పడిపోయిన ఒక సభ్యుడు పెన్షన్ డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్తే, ఎదురుగా ఉన్న ఆయన్ని వదిలేసి 'ఈయనకు ఏమైనా తెలుస్తుందా?' అని భార్యను అడిగారట. సంతకం కలవలేదని రెండుసార్లు తిప్పి పంపారు. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. మన కార్యవర్గ సభ్యులిద్దరు ఆ నిబంధన కాగితం పట్టుకుని వెంట వెళ్లాక పని జరిగింది. దాని నకళ్లు ఆఫీసులో పెట్టాం, తీసుకెళ్లండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం కూడా ఉంది. అఫేసియా వచ్చినవాళ్లూ, క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవాళ్లూ దీని కిందికి వస్తారు. ఈ సంగతి తెలియక చాలామంది చెయ్యీ కాలూ మాత్రమే చూపించి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. పరీక్షకు వెళ్లినప్పుడు మాట సంగతి కూడా తప్పకుండా రాయించుకోండి. స్పీచ్ పరీక్ష, థెరపీ గురించి అడిగినవాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం చిరునామా ఇస్తున్నాం.

అక్టోబర్ 29న ప్రపంచ స్ట్రోక్ దినం జరిపాం. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలనీ, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువనీ కాలనీలో చెప్పాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఒక విన్నపం. మన హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కర్ర పట్టుకుని మెట్లెక్కలేక ఇద్దరు రావడం మానేశారు. కింది అంతస్తులో శనివారం సాయంత్రం రెండు గంటలు ఖాళీగా ఉండే గది ఎవరి దగ్గరైనా ఉంటే కార్యదర్శికి చెప్పండి.