రెండు ఇంజిన్ల ఐఆర్ ఒక ఇంజిన్‌కి సరిపోతుందా? మా పట్టికలో జరిగిన తప్పు, దిద్దుబాటు

అందరికీ నమస్కారం.

పోయిన నెల మా పొరపాటు వల్ల ఒక కస్టమర్ ఇబ్బంది పడ్డారు. అదే పొరపాటు మీలో ఇంకొందరి పట్టికల్లో కూడా ఉండే అవకాశం ఉంది, అందుకే అందరికీ రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. పోలండ్‌లో ఉంటూ నేనూ మా ఆవిడా నడుపుతున్న చిన్న సర్వీసు ఇది. యూరప్ లైసెన్సు ఉన్న తెలుగు పైలట్ల రేటింగుల (ఏ విమానం, ఎలా నడపొచ్చో లైసెన్సులో ఉండే అనుమతుల) తేదీలు మా దగ్గర ఉంటాయి. గడువు దగ్గరపడగానే ఫోన్ చేసి చెప్తాం. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్, పరికరాలు చూస్తూ ఎగిరే అనుమతి) చెక్‌కి, అంటే పరీక్షకుడి ఎదుట ఎగిరి చూపించే పరీక్షకి ముందు ఆన్‌లైన్‌లో పాఠాలు కూడా చెప్తాను.

ఆ కస్టమర్ అబ్బాయి వసంతంలో రెండు ఇంజిన్ల డైమండ్ డీఏ42 విమానం మీద చెక్ పాసయ్యాడు. మల్టీ ఇంజిన్ క్లాస్ రేటింగ్, ఐఆర్ రెండింటి గడువూ ఒకే రోజు పెరిగింది. అప్పుడే ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, సింగిల్ ఇంజిన్‌లో ఐఎఫ్ఆర్ (పరికరాల నియమాల కింద) ఎగరాలంటే మళ్ళీ వేరే చెక్ ఇవ్వాలా?" "అక్కర్లేదు తమ్ముడూ, ట్విన్ (రెండు ఇంజిన్ల విమానం) మీద ఇచ్చావుగా, సింగిల్‌కి కూడా సరిపోతుంది" అన్నాను. పట్టికలో అతని పేరు పక్కన ఆకుపచ్చ రంగు వేసేశాం.

గుంటూరు నుంచి వాళ్ళ అమ్మానాన్నలు వచ్చారు. వాళ్ళని ఒక ఇంజిన్ సెస్నా 172లో తిప్పుదామని క్లబ్‌లో విమానం బుక్ చేసుకుని, రైల్లో తీసుకెళ్ళాడు. క్లబ్‌వాళ్ళు లైసెన్సు తిప్పి చూసి విమానం ఇవ్వలేదు. సింగిల్ ఇంజిన్ క్లాస్ రేటింగ్ గడువు మూడు వారాల కిందటే అయిపోయింది. వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఆ పెద్దవాళ్ళు ఎయిర్‌ఫీల్డ్ కంచె దగ్గర నుంచే వెనక్కి వెళ్ళారని విన్నప్పుడు చాలా బాధపడ్డాను. రైలు టికెట్లు, బుకింగ్ డబ్బు, మా ఏడాది ఫీజు అన్నీ తిరిగి ఇచ్చాం. ఆ రోజును మాత్రం తిరిగి ఇవ్వలేం.

నేను చెప్పిన మాట ఐఆర్ వరకే నిజం. అతను దాన్ని మొత్తానికి అనుకున్నాడు. అలా అనుకునేలా చెప్పింది నేనే.

అసలు లెక్క ఇది. యూరప్ నియమాల్లో, అంటే 1178/2011 రెగ్యులేషన్‌లోని పార్ట్ ఎఫ్‌సీఎల్‌లో, ఐఆర్ ఒకటి, క్లాస్ రేటింగ్ ఇంకొకటి. మేఘాల్లో, పరికరాలు మాత్రమే చూస్తూ ఎగరడానికి అనుమతి ఐఆర్ ఇస్తుంది. ఏ రకం విమానం ముట్టుకోవచ్చో క్లాస్ రేటింగ్ చెప్తుంది. ఐఆర్ గడువు ఏడాది. మల్టీ ఇంజిన్ పిస్టన్ రేటింగ్ గడువు కూడా ఏడాదే. సింగిల్ ఇంజిన్ పిస్టన్‌కి మాత్రం రెండేళ్ళు. ఈ రెండేళ్ళ తేదీనే మేం పట్టికలో పెట్టలేదు. "ఐఆర్ ఉన్నవాళ్ళకి ఏటా చెక్ ఎలాగూ ఉంటుంది కదా" అని దాన్ని వదిలేశాం.

ఒక చెక్‌లోని ఐఆర్ భాగం ఇంకే విమానాలకు చెల్లుతుందో అపెండిక్స్ 8లోని పట్టిక చెప్తుంది. రెండు ఇంజిన్ల క్లాస్ విమానం మీద, ఒక్కరే పైలట్‌గా చెక్ పాసైతే, అందులోని ఐఆర్ భాగం సింగిల్ ఇంజిన్‌కి కూడా జమ అవుతుంది. సింగిల్ మీద ఇస్తే మాత్రం సింగిల్‌కే. పై నుంచి కిందికి వస్తుంది, కింది నుంచి పైకి పోదు.

దీనికి కారణం విమానంలోనే ఉంది. ట్విన్‌లో ఒక ఇంజిన్ ఆగితే ముక్కు ఆగిన ఇంజిన్ వైపు లాగేస్తుంది. రడ్డర్‌తో దాన్ని పట్టుకోవాలి, ఆగిన ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేయాలి (గాలికి అడ్డుపడకుండా దాని రెక్కల్ని తిప్పాలి), వేగం మీటరు మీది ఎర్రగీత (అదుపు తప్పని కనీస వేగం) కిందికి పడకుండా చూసుకోవాలి, ఇవన్నీ చేస్తూనే ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో వ్యవస్థ) సూదుల్ని మధ్యలో ఉంచాలి. అవసరమైతే ఒకే ఇంజిన్‌తో గో ఎరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి లేవడం) కూడా. ట్విన్ చెక్‌లో ఇదంతా పరికరాల మీదే చేసి చూపించాలి. సింగిల్ ఇంజిన్ చెక్‌లో ఈ పరీక్ష ఉండనే ఉండదు, అందుకే అది ట్విన్‌కి చెల్లదు. మొదటిసారి ఐఆర్ టెస్టుకీ ఇదే దారి: మల్టీ ఇంజిన్ ఐఆర్ కావాలంటే టెస్టు ట్విన్‌లోనే ఇవ్వాలి. సింగిల్ ఐఆర్, ట్విన్ క్లాస్ రేటింగ్ రెండూ ఉన్నవాళ్ళు మల్టీ ఇంజిన్ ఐఆర్‌కి మారాలంటే కనీసం 5 గంటల శిక్షణ, దాని మీద టెస్టు. ఆ 5 గంటల్లో 3 గంటలు సిమ్యులేటర్‌లో చేసుకోవచ్చు.

ఇక ఆ అబ్బాయి ఇరుక్కున్న చోటు. సింగిల్ ఇంజిన్ రేటింగ్ పొడిగించుకోవడానికి రెండు దారులు. ఒకటి చెక్ ఇవ్వడం. రెండోది, గడువుకి ముందు 12 నెలల్లో అదే క్లాస్‌లో 12 గంటలు ఎగరడం. అందులో 6 గంటలు కెప్టెన్‌గా, 12 టేకాఫ్‌లు, 12 ల్యాండింగ్‌లు, ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట ఉండాలి. ఇంకో విమానం మీద చెక్ పాసైనవాళ్ళకి ఆ ఇన్‌స్ట్రక్టర్ గంట మినహాయింపు. డీఏ42 చెక్ వల్ల ఆ గంట అతనికి మిగిలింది. కానీ ఆ ఏడాది గంటలన్నీ ట్విన్‌లోనే ఎగిరాడు, కాబట్టి 12 గంటల లెక్క నిండలేదు. నెల ముందు మేం ఒక్క ఫోన్ చేసి ఉంటే గడువులోగా చెక్ ఇచ్చుకునేవాడు. గడువు దాటింది కాబట్టి ఇప్పుడు రెన్యువల్ దారిలో పోవాలి: అవసరమని తేలితే శిక్షణ, ఆ తర్వాత చెక్.

ఎయిర్‌లైన్స్‌లో చేరిన మన పిల్లలు ఇంకోటి గమనించాలి. ఏ320 లాంటి ఇద్దరు పైలట్ల విమానం మీద ఇచ్చిన చెక్ సింగిల్ ఇంజిన్ ఐఆర్‌కి ఊరికే జమ కాదు. గత 12 నెలల్లో ఒక్కరే పైలట్‌గా నడిపే విమానంలో కనీసం మూడు ఐఎఫ్ఆర్ డిపార్చర్లు (బయల్దేరడాలు), అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగి రావడాలు) చేసి ఉండాలి. వాటిలో ఒకటి ఆర్‌ఎన్‌పీ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ నావిగేషన్‌తో చేసే) అప్రోచ్ కావాలి. లాగ్‌బుక్‌లో అవి స్పష్టంగా కనబడేలా రాసుకోండి.

ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలన్నది మీకు తెలిసిందే. అవి కూడా అదే క్లాస్‌లోవి కావాలి, ట్విన్‌లోవి పనికిరావు. బ్రిటన్ లైసెన్సు 2021 నుంచి విడిపోయింది. భారత లైసెన్సుకి డీజీసీఏ నియమాలు వేరు. ఆ రెండింటికీ ఇక్కడి లెక్క వాడకండి.

నియమం ఒప్పుకుంది కదా అని ట్విన్ నుంచి దిగి నేరుగా సింగిల్‌తో మేఘాల్లోకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. డీఏ42లో మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్ళు మార్చే లివర్) ఉండదు, కార్బొరేటర్ హీట్ (కార్బొరేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపేది) ఉండదు, ఇంజిన్‌కొక లివర్ అంతే. నెలల తరబడి దానికి అలవాటైన చెయ్యి పాత సెస్నా 172లో కార్బ్ హీట్ దగ్గరికి తనంతట తాను పోదు. చల్లటి తేమ మేఘంలో కార్బొరేటర్‌లో మంచు పట్టి ఇంజిన్ మందగిస్తే, పక్కన ఇంకో ఇంజిన్ లేదు. ఒక గంట ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. చట్టం అడగదు, నేను అడుగుతున్నాను.

ఇకనుంచి మా పట్టికలో ఒక్క ఆకుపచ్చ గడి బదులు ఐదు తేదీలు ఉంటాయి: ఐఆర్, మల్టీ ఇంజిన్ క్లాస్, సింగిల్ ఇంజిన్ క్లాస్, మెడికల్, చివరి 90 రోజుల ల్యాండింగ్‌లు. ఐఆర్ చెక్ ఏ విమానం మీద ఇచ్చారో, ఒక్కరేనా ఇద్దరు పైలట్లా అన్నది కూడా రాసుకుంటాం. మూడు నెలల ముందు మొదటి ఫోన్ వస్తుంది. చివరి మూడు నెలల్లో చెక్ ఇస్తే పాత గడువు తేదీ నుంచే కొత్త గడువు మొదలవుతుంది, కాబట్టి మీకు రోజులు పోవు. ఫీజు పెంచడం లేదు.

మీ లైసెన్సులో రేటింగుల పట్టిక ఉన్న పేజీలకి, రెండు వైపులా, ఫోటో తీసి ఈ వారంలో మాకు పంపండి. పరీక్షకుడు చేత్తో రాసిన తేదీలు కూడా కనబడాలి. ఈ శని, ఆదివారాల్లో సింగిల్ ఇంజిన్ బుక్ చేసుకున్నవాళ్ళు ఫోటో పంపి ఆగకండి, నేరుగా ఫోన్ చేయండి. ముందు మీవే చూస్తాను.