మా కారు రోగం బ్యాటరీలో కాదు, డైనమోలో ఉందని పట్టుకున్న అన్నకు కృతజ్ఞతలు

మూడు వారాలుగా మా ఇంట్లో ఉన్న టెన్షన్ మొన్న బుధవారంతో తీరింది. తీర్చిన మనిషికి నలుగురి ముందు థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది ఎల్కతుర్తి దగ్గర ఊరు. నాన్నకు వారానికి మూడుసార్లు హనుమకొండలో డయాలసిస్, పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలి, అంటే ఐదింటికి కారు కదలాలి. సరిగ్గా ఆ ఐదింటికే కారు మొరాయించడం మొదలుపెట్టింది. సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమనడమే తప్ప ఇంజిన్ తిరగదు. చీకట్లో లేచొచ్చి కారు నెట్టిన మా వాడకట్టు వాళ్లందరికీ ముందు దండం. ఒకరోజు పాలు పోయడానికి వెళ్తున్న పెద్దాయన క్యాన్ పక్కన పెట్టి మరీ నెట్టాడు.

బ్యాటరీ పాతబడింది కదా అని మార్చాం. కొత్తది కూడా వారం తిరక్కుండానే డౌన్. ఒక గ్యారేజీకి తీసుకెళ్తే ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగలేదు కాబట్టి డైనమో (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) మంచిగానే ఉంది, నీ కొత్త బ్యాటరీయే బాగాలేదు అన్నారు. బ్యాటరీ షాపులో చూసి, బ్యాటరీకి ఏమీ కాలేదు, చార్జింగే ఎక్కడం లేదు అన్నారు. డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు మాత్రం వెలగడం లేదు, అందుకే నాకు ఎవరిని నమ్మాలో తెలియలేదు. ఒక రాత్రి తిరిగొస్తుంటే హసన్‌పర్తి దాటాక వాన పట్టుకుంది, లైట్లు, వైపర్లు, బ్లోవర్ అన్నీ వేసేసరికి హెడ్‌లైట్లు దీపాల్లా మసకబారాయి, ఎఫ్ఎంలో గుయ్యిమని ఒక కూత, ఎక్సలేటర్ తొక్కిన కొద్దీ అదీ పెరుగుతోంది. వెనక సీట్లో నాన్న. ఆ రాత్రి ఇల్లు చేరేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తెలిసినవాళ్లు చెబితే హనుమకొండలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన పానా పట్టుకోలేదు, ముందు మల్టీమీటర్ తీశాడు. ఎఫ్ఎం కూత సంగతి చెప్పగానే తల ఊపి, డైనమోను తిప్పే బెల్టు నొక్కి చూశాడు, గట్టిగానే ఉంది. ఇంజిన్ ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు. నిండా చార్జ్ ఉంటే 12.6 దాకా ఉండాలట. స్టార్ట్ చేశాక 13.1, లైట్లు ఏసీ వేస్తే 12.4కు పడిపోయింది. మా బండికి 14 అటూఇటూ ఉండాలి. కొన్ని కొత్త బండ్లలో చార్జింగును కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దని కూడా అన్నాడు. ఎర్త్ వైరు చూశాడు, బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్‌కూ మధ్య 0.2 వోల్టులు కూడా లేదు, అంటే అది బాగానే ఉంది. తర్వాత మీటరును ఏసీ కరెంటు (అటూఇటూ దిశ మారే కరెంటు) కొలిచే వైపు తిప్పి మళ్లీ బ్యాటరీ మీద పెట్టాడు. అర వోల్టు దాటకూడనిది ఒక వోల్టు పైనే చూపించింది.

అక్కడితో ఆపలేదు. కారు లాక్ చేసి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంట ఆగి, బ్యాటరీ నుంచి ఎంత కరెంటు బయటికి పోతోందో కొలిచాడు. 0.05 ఆంపియర్ లోపు ఉండాల్సింది 0.8 ఉంది. బ్యాటరీ మైనస్ తీసి, డైనమో వైరు విప్పి, మళ్లీ కొలిస్తే 0.03. నాకు లెక్క అప్పుడు అర్థమైంది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఐదు దాకా అంటే ఏడు ఆంపియర్ అవర్ల పైనే, మా బ్యాటరీ మొత్తం 35, అందులో ఐదో వంతు రోజూ ఊరికే పోతోంది, పగలు నిండడమూ లేదు.

"తమ్మీ, బావి మోటరుకు ఫుట్‌వాల్వ్ పోతే పైపుల నీళ్లు మళ్ల బావిలకే దిగుతయి గదా, గిది గంతే" అన్నాడు. డైనమోలో పుట్టేది ఏసీ కరెంటు, దాన్ని ఒకే దిశలో పారే డీసీగా మార్చి, బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా ఆపేవి డయోడ్లు. వాటిలో ఒకటి చెడినా మిగతావి పనిచేస్తాయి కాబట్టి ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. అందుకే టెర్మినల్ పీకే పరీక్షతో ఏమీ తేలదు. పైగా ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కాలిపోవచ్చని, ఇంకెప్పుడూ ఎవరినీ అలా చేయనీయొద్దని గట్టిగా చెప్పాడు. దయచేసి ఇది చదివేవాళ్లు కూడా చేయనీయకండి.

కొత్త డైనమో వేస్తానంటే నేను కాదనేవాణ్ని కాదు. ఆయన డయోడ్ ప్లేటు, కార్బన్లు (డైనమో లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు) మాత్రమే మార్చాడు, బేరింగు బాగుందని అలాగే ఉంచాడు. ఇప్పుడు స్టార్ట్ చేస్తే 14.2, అన్నీ వేసినా 13.9. ఎఫ్ఎంలో కూత లేదు. వారం పాటు రాత్రీ పొద్దునా చూసుకొమ్మని తన పాత మీటరు కూడా చేతిలో పెట్టాడు. డయాలసిస్ అని తెలిసి కూలీ తగ్గించబోతే నేనే ఒప్పుకోలేదు.

అన్నా, ఈ రోజు పొద్దున ఐదింటికి 12.6 ఉంది. ఒక్క సెల్ఫుకే అందుకుంది. వచ్చే బుధవారం మీటరు తిరిగిచ్చేందుకు వస్తాను, నాన్న కూడా వస్తానంటున్నాడు, ఆయన స్వయంగా మీతో మాట్లాడాలట.