ముందు బ్రేకులు తేల్చు, ఆ తర్వాతే చక్రాలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు నీ పాత కారుకు కొనాలనుకున్న కొత్త చక్రాల అందాన్ని వర్ణించి, చివర ఒక్క వాక్యంలో “బ్రేకుల సంగతి తర్వాత చూసుకుందాం” అన్నావు. ఆ వాక్యమే నా చేత ఇంత పొడుగు జవాబు రాయిస్తోంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బ్రేకులు ఏవో తేలకముందే చక్రాలు కొనే పని నేనూ ఒకసారి చేశాను. ముచ్చటపడి వెడల్పాటి అల్లాయ్ చక్రాలు తెచ్చుకున్నాక, ముందు వైపు డిస్కు బ్రేకులు బిగించి చూస్తే, డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే కాలిపర్ చక్రం ఊచల లోపలి వైపుకు రాసుకుంది. దానికి మందుగా చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు వేస్తే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డు అంచును కోయడం మొదలుపెట్టింది. పైగా నట్లు పట్టుకోవడానికి చక్రం బిగించే స్టడ్ల మీద మిగిలిన మరలు మూడో నాలుగో. చివరికి ఆ చక్రాలను కొన్న ధరకన్నా బాగా తక్కువకు వదిలించుకున్నాను.

కనుక బ్రేకులతోనే మొదలుపెడదాం. నీ బండి 1960ల నాటిది, నాలుగు వైపులా డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి షూలు నొక్కి ఆపేవి. డ్రమ్ము అనగానే పనికిరానిదని అనుకోకు. ఒక్కసారి గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయేంత బలం మంచి స్థితిలో ఉన్న డ్రమ్ముకు కూడా ఉంటుంది. అంతవరకూ వచ్చాక ఇక బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు మీద ఆధారపడుతుందే తప్ప డిస్కు పెట్టినంత మాత్రాన తగ్గదు. డిస్కు గొప్పతనం రెండోసారి, మూడోసారి, పదోసారి తొక్కినప్పుడు బయటపడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు మింగవలసిన శక్తి నాలుగింతలవుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ ఆ వేడిని పదేపదే మింగిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరంగా జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. డిస్కు మాత్రం వేడెక్కితే తనను నొక్కే ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది, గాలి తగిలి త్వరగా చల్లారుతుంది, తడిసినా నీటిని విదిలించేస్తుంది. 1953లో జాగ్వార్ సి-టైప్ డిస్కు బ్రేకులతో ల మాన్స్ 24 గంటల పందెం గెలిచినప్పుడు లోకానికి తెలిసి వచ్చింది ఈ నిలకడే.

నువ్వు కొండదారుల్లో, బరువుతో, తరచుగా నడపదలచుకోకపోతే, ఉన్న డ్రమ్ములనే కొత్తవాటిలా చేయించడం మంచిదని నా అభిప్రాయం. షూలను తోసే వీల్ సిలిండర్లు మార్చు, షూలను డ్రమ్ము వంపుకు సరిపడేలా అరగదీయించు, అన్నిటికన్నా ముందు బ్రేకు ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోసులు మార్చు. ఆ హోసులు పైకి నున్నగానే కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోతాయి. తొక్కితే ఒత్తిడి వెళుతుంది, వదిలితే ఆయిల్ వెనక్కి రాదు, చక్రం పట్టుకునే ఉంటుంది. అలాంటి బండిని బ్రేకులు బలహీనమని తిట్టుకుంటూ డిస్కు కిట్టు కొన్నవాళ్లను చూశాను. అన్నట్టు, పాత షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. గాలి కొట్టి ఊదవద్దు, తడిగుడ్డతో తుడువు.

అయినా డిస్కులే కావాలంటే ముందు వైపు చాలు, కానీ అది చక్రం దగ్గర ఆగిపోయే పని కాదు. కాలిపర్ పిస్టన్లు వీల్ సిలిండర్లకన్నా ఎక్కువ ఆయిల్ అడుగుతాయి కనుక పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పెద్దది కావాలి. అయితే దాని వ్యాసం 19 మిల్లీమీటర్ల నుంచి 22కు పెంచితే అదే కాలి బలానికి పుట్టే ఒత్తిడి పావు వంతు తగ్గుతుంది. పెడల్ రాయిలా తగులుతుంది, కాలి బలాన్ని పెంచే సర్వో అవసరం పడుతుంది. డ్రమ్ముల కోసం లైనులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని డిస్కుల లైనులో మరిచిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ఇంత విప్పుతున్నప్పుడు సింగిల్ సర్క్యూట్ తీసేసి, బ్రేకులను రెండు విడి భాగాలుగా నడిపే డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ పెట్టించు. ఒక్క పైపు కారితే నాలుగు బ్రేకులూ పోయే ఏర్పాటును నేనైతే ఒక్కరోజు కూడా ఉంచను. వెనక చక్రాలు ముందువాటికన్నా ముందుగా బిగుసుకోకుండా చూసుకో, లేకపోతే బండి గిర్రున తిరుగుతుంది. బ్రేకు ఆయిల్ డాట్ 4 రకం చాలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చు. డాట్ 5 సిలికాన్‌ది, దాన్ని ఇందులో కలపకూడదు. డాట్ 5.1 పేరు చూసి అదీ డాట్ 5 ఒకటే అనుకోవద్దు.

ఇప్పుడు నీ ముద్దుల చక్రాలు. కాలిపర్ బిగించి, దాని బయటి అంచులు కొలిచాకే వాటి జోలికి వెళ్లు. బోల్టుల వలయం, అంటే బోల్టులన్నీ కూర్చునే వృత్తం, కొలతలో ఒక మోసం ఉంది: నాలుగు బోల్టుల చక్రాల్లో 100 మిల్లీమీటర్లదీ, నాలుగు అంగుళాలదీ, అంటే 101.6దీ, కంటికి ఒకేలా ఉంటాయి. బలవంతంగా బిగిస్తే బిగుస్తాయి కూడా, కానీ స్టడ్లు వంగి క్రమంగా వదులవుతాయి. నట్టు కూర్చునే చోటు శంకువులా ఉందా, గోళంలా ఉందా, చదునుగా ఉందా చూసి దానికి తగిన నట్లే వాడు. ఆఫ్‌సెట్ (చక్రం మధ్యరేఖకూ, అది హబ్బుకు ఆనే చోటుకూ మధ్య దూరం) మారి చక్రం బయటికి జరిగితే చూపుకు బాగుంటుంది గానీ, టైరు నేలను తాకే చోటు స్టీరింగు తిరిగే ఇరుసు నుంచి దూరమై, పవర్ స్టీరింగు లేని నీ బండిలో ప్రతి గుంతా చేతికి తన్నుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. తీగ చక్రాల మీద మోజు నాకూ ఉంది. అవి తీసుకుంటే ఒక్కో తీగనూ స్పానరుతో తట్టి చూడు, మొద్దుగా మోగేది వదులైనది.

టైర్ల విషయంలో నా మాట సూటిగా చెబుతాను: వెడల్పు కోసం పాకులాడకు. పాత రేడియల్ టైరు మీద 165 ఆర్ 15 (వెడల్పు 165 మిల్లీమీటర్లు, రిమ్ము 15 అంగుళాలు) అని మాత్రమే ఉంటే, దాని సైడ్‌వాల్, అంటే పక్క గోడ, ఎత్తు వెడల్పులో సుమారు 80 శాతం అని అర్థం. మొత్తం వ్యాసం 645 మిల్లీమీటర్లు. దాని బదులు అదే రిమ్ముకు 195/65 (రెండో అంకె సైడ్‌వాల్ శాతం) వేస్తే దాదాపు 634 వస్తుంది, తేడా తెలియదు. నువ్వు ఫోటోలో చూపిన 205/50 వేస్తే 586కు పడిపోతుంది. స్పీడోమీటర్ ఉన్నదానికన్నా పది శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంజను అదే వేగానికి ఎక్కువ తిరుగుతుంది, మడ్‌గార్డు కింద బోలెడు ఖాళీ కనిపిస్తుంది. లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాత రకం క్రాస్‌ప్లై టైర్ల నుంచి, దారాలు నేరుగా అడ్డంగా ఉండే రేడియల్‌కు మారడం మాత్రం నిస్సందేహంగా మేలే, కానీ నాలుగూ ఒకేసారి మార్చు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై అనే జత చాలా ప్రమాదకరం. నీ పాత ఇనుప రిమ్ములకు టైరు అంచును ఆపే గట్టు లేకపోతే రేడియల్‌కు పనికివచ్చే ట్యూబు వేయించు. సైడ్‌వాల్ మీద ఉండే నాలుగు అంకెలు కూడా చదువు: 3219 అంటే 2019లో 32వ వారం. పదేళ్లు దాటిన టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా, గట్టిపడిన ఆ రబ్బరును నమ్మి తడిరోడ్డు మీద బ్రేకు తొక్కలేను.

ఆ చక్రాలకు ఇంకా డబ్బు కట్టలేదని రాశావు కదా, కట్టవద్దు. ఈ వారం బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, డ్రమ్ముల లోపలి ఫోటోలు, హోసుల మీద ఏదైనా తేదీ ఉంటే అది, బోల్టుల వలయం, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత సందు ఉందో రాసి పంపు. అవి చూశాక మళ్లీ రాస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు