ప్రయోగానికి వస్తాం, కాగితం తెలుగులో ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నేను 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాను. సాలూరు దాటాక పి.కోనవలస ఘాట్‌లో వానాకాలం రాత్రిపూట బస్సు దించినవాడికి ధ్యాస అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదని నా నమ్మకం. మొన్నామధ్య ఓ కాలేజీ గదిలో ఆ నమ్మకం కాస్త సడలింది.

మా మేనకోడలు సైకాలజీలో ఎం.ఏ. చేస్తోంది. ‘మావయ్యా, మా ప్రయోగానికి కాలేజీ పిల్లలే దొరుకుతున్నారు, యాభై దాటినవాళ్లు ఒక్కరూ రావట్లేదు. ఓ గంట వచ్చి కూర్చోవా’ అని అడిగితే వెళ్లాను. కిటికీలు మూసేసి, చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపేసిన గది. లాప్‌టాప్ మీటల మీద నాలుగు బొట్టుబిళ్లలు అంటించారు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు. తెర మీద ఒక్కో మాటా వస్తుంది. మాట పట్టించుకోకూడదు, అది ఏ రంగులో ఉందో ఆ బిళ్ల నొక్కాలి. ‘ఎరుపు’ అని ఆకుపచ్చ అక్షరాల్లో వస్తే ఆకుపచ్చ నొక్కాలన్నమాట. 1935లో స్ట్రూప్ అనే అమెరికా ఆయన ప్రచురించిన పరీక్షకి ఇది ఓ రూపమట.

మొదటి విడత ఇంగ్లీషు మాటలు. టకటకా నొక్కేశాను. డ్రైవర్ కళ్లు ఎక్కడికి పోతాయి అనుకున్నాను. రెండో విడత తెలుగు. ‘నీలం’ పసుపు అక్షరాల్లో కనపడగానే వేలు నీలం మీదికి పోయింది. మళ్లీ అదే, మళ్లీ అదే. ఒళ్లంతా చెమట (ఫ్యాను లేకపోవడం కూడా ఒక కారణమే లెండి). తరవాత మేనకోడలు విడమరిచింది. ఇంగ్లీషులో తప్పులు రాకపోవడం నా గొప్పతనం కాదు. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాణ్ణి కాబట్టి ఆ మాటలు రంగుకి అడ్డం రాలేదు. తెలుగైతే వద్దన్నా కన్ను చదివేస్తుంది.

ఇంగ్లీషు విడత ఒక్కటే పెట్టి ఉంటే ‘ఈయన ధ్యాస భేష్’ అని రాసుకుని పంపించేసేవారు. అది తప్పు లెక్క. 2010లో హెన్రిక్ అనే పరిశోధకుడు మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసం గురించి కూడా ఆ పిల్లే చెప్పింది. పేరున్న సైకాలజీ పత్రికల్లోని ప్రయోగాల్లో కూర్చున్నవాళ్లలో 96 శాతం మంది పాశ్చాత్య సంపన్న దేశాల వాళ్లేనట. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. ముగ్గురితో ఒకేసారి బేరమాడుతూ చిల్లర దగ్గర పొరబడని మన సంతలో కూరలావిడ ఆ లెక్కల్లో ఎక్కడుంది?

ఇదంతా పనిలేని పని అనేవారికి ఒక సంగతి. 2001లో స్ట్రేయర్, జాన్‌స్టన్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమంది విద్యార్థుల చేతికి జాయ్‌స్టిక్ ఇచ్చి, తెర మీద కదిలే గురి వెంట పోనివ్వమన్నారు. ఎర్రదీపం వెలిగితే మీట నొక్కాలి. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు దీపాన్ని గమనించకపోవడం రెట్టింపైంది. ఫోన్ చేత్తో పట్టుకున్నా, చేతులు ఖాళీగా ఉన్నా తేడా లేదు. ఎచ్చెర్ల దగ్గర హైవే మీద హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకుని ‘చేతులు ఖాళీయే కదా తాతా’ అనే కుర్రాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్రదీపమే గుర్తొస్తోంది.

విజయనగరానికి అవధానం కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు చేతులు, కాళ్లు, తల కలిపి ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని మా పెద్దలు కథలుగా చెప్పేవారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పనే ధ్యాస చెడగొట్టడం. అంత ముచ్చటగా చూసే జనం, తమని పరీక్షించుకోవడానికి ఎందుకు రారు?

నాకు తెలిసిన కారణం ఇది. నా ముందు మూడు పేజీల అంగీకార పత్రం పెట్టారు, అంతా ఇంగ్లీషు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు, పెట్టేశాను. నా తరవాత వరసలో నిలబడ్డ ఆడపిల్లలు ‘రాకపోతే హాజరు వెయ్యరు’ అని గుసగుసలాడుకున్నారు. అది స్వచ్ఛందం ఎలా అవుతుంది? మేనకోడలిని తప్పుపట్టను, కాగితం తయారుచేసింది ఆమె కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఆరోగ్య పరిశోధనలో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే విషయం చెప్పాలని, ఎప్పుడైనా మానుకునే హక్కు వాళ్లకి ఉండాలని అంటున్నాయి. మన జిల్లాల కాలేజీలు అన్ని ప్రయోగాలకీ అదే పద్ధతి పెట్టుకుంటే అడ్డుచెప్పేవారెవరు? ఆటో ఖర్చు నేనే పెట్టుకున్నాను, అది చిన్న విషయం. ఫలితం ఏమైందో ఇప్పటిదాకా ఒక్క ముక్క చెప్పలేదు, అది పెద్ద విషయం.

ఆ రోజు ఓ వీడియో కూడా చూపించారు. అందులో ఏముందో ఇక్కడ రాయను. రాస్తే దాన్ని చదివిన పాఠకులెవరూ ఆ ప్రయోగానికి పనికిరారు, నాకు మాత్రం ఇంకొంతమంది వెళ్లాలని ఉంది. ముఖ్యంగా నా ఈడువాళ్లు, పొలం పనివాళ్లు, బడి మొహం చూడనివాళ్లు.

ఇంకో రోజు మళ్లీ పిలుస్తామన్నారు, వెళ్తాను. ఈసారి కాగితం తెలుగులో ఉంటే చదువుకుని సంతకం పెడతాను. లేకపోతే ఎవరైనా కూర్చుని చదివి వినిపించాలి, ఆ తరవాతే బొట్టుబిళ్లలు.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
విజయనగరం