యుద్ధనౌక దిగాను రా

ఒరేయ్ తంబూరా,

తిట్టకు. సంక్రాంతికి రాయాల్సిన ఉత్తరం ఇప్పుడు రాస్తున్నా, తప్పే. మార్చి లెక్కలు, పాప ఇంటర్ పరీక్షలు, అమ్మ కంటి ఆపరేషను (బాగానే అయింది, ఇప్పుడు నా తెల్లవెంట్రుకలు లెక్కపెడుతోంది). అందరూ కులాసా. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి పోయేలా ఉన్నా.

గిటారు కొన్నా!

ఆగు, మొదట్నుంచి చెబుతా. మెస్సు బిల్లు ఎగ్గొట్టి మనం కొన్న పాతదాన్ని అటక మీంచి దించా. వెనకాల నువ్వు గీసిన వార్డెను మీసాలు ఇంకా చెరగలేదు. "డస్ట్ ఇన్ ద విండ్" ఈసారైనా చివరిదాకా నేర్చుకోవాలని పట్టుదల. కాన్సస్ అనే అమెరికా రాక్ బ్యాండు వాళ్ళు 1977లో చేసిన పాట, నీలా నాలా ఉప్పెన ఏడాది సరుకే. హాస్టల్లో మనకి వచ్చిందల్లా మెటాలికా బ్యాండు వాళ్ళ "నథింగ్ ఎల్స్ మ్యాటర్స్" మొదటి ముక్క. అదైనా ఎడమచేత్తో పనిలేదు కాబట్టి! వాళ్ళ పాటగాడు హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోను పట్టుకుని ఖాళీ తీగలు మీటుతుంటే ఆ ముక్క పుట్టింది. నువ్వు ఒక చేత్తో సమోసా పట్టుకుని దాన్ని చంపేవాడివి.

డస్ట్ ఇన్ ద విండ్ అలా కాదురా. బొటనవేలు రెండు లావు తీగల మీద అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి, మిగతా వేళ్ళు సన్నతీగల మీద మధ్యమధ్యలో పడాలి. కాన్సస్ గిటారిస్టు లివ్‌గ్రెన్ దీన్ని వేళ్ళ సాధనకని కట్టుకుంటే, వాళ్ళావిడ విని దీనికి మాటలు రాయమందట. మా ఆవిడ విని తలుపేసింది.

పది రోజులకి కుడి భుజం పట్టేసింది. చెయ్యెత్తి చొక్కా తొడుక్కోలేను. డాక్టరు గారు అడిగితే బరువు ఎత్తానని అబద్ధం చెప్పా. నిజానికి అబద్ధమేం కాదులే. మన పాతది డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు గిటారు. 1916లో మార్టిన్ వాళ్ళు మొదట చేసినప్పుడు బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు. కింద పొట్ట 15న్నర అంగుళాల పైన, లోతు ఐదుకి కాస్త తక్కువ. నా ఎత్తు నీకు తెలుసు కదా. దాని మీదుగా చెయ్యేస్తే గోడ మీంచి పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టే ఉండేది.

మొన్న శనివారం గవర్నరుపేటలో ఒక కొట్టుకి వెళ్ళా. చిన్నది చూపించమంటే కుర్రాడు "ఎంత వయసండీ బాబుకి?" అన్నాడు. నాకే అన్నా. వాడి మొహం చూడాల్సింది! ముందు పార్లర్ అని బుల్లిది ఇచ్చాడు. ఒళ్ళో పిల్లిలా సర్దుకుంది, వేళ్ళతో మీటితే ముద్దుగా పలికింది. తీగలన్నీ కలిపి గట్టిగా స్ట్రమ్ చేస్తే మాత్రం డబ్బాలో గులకరాళ్ళు. తర్వాతది మూడు సున్నాల సైజు. నిజంగా పేరే అది, మన లెక్కల మార్కులు కావు. నడుము సన్నం, లోతు తక్కువ. తీగ పొడవు 25.4 అంగుళాలకి బదులు 24.9. అంత మాత్రానికే అదే శ్రుతిలో తీగ కాస్త మెత్తబడుతుంది. మెడ పైచివర తీగలు ఆనే నట్టు దగ్గర వెడల్పు 43కి బదులు 44 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరుకి ఇంత సోదా అంటావు, నా బెండకాయ వేళ్ళనడుగు! సి కార్డు (మూడు వేళ్ళతో తీగలు నొక్కే పట్టు) పట్టిన ప్రతిసారీ చూపుడువేలు కింది తీగకి తగిలి టప్ మనేది. ఇప్పుడు అనలేదు.

కళ్ళు మూసుకుని మొదలెట్టా. నాలుగు కార్డులు దాటానో లేదో వెనకనించి గొంతు: "ఆ బొటనవేలు ఎవరింటికి వెళ్ళింది బాబూ?"

హార్మోనియం బాగుచేయించడానికి వచ్చిన పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. "పాట తర్వాత. తాళం వేసేది ఆ వేలు. అది ఆగితే నీ దగ్గర పాటెక్కడిది?" అని బల్ల మీద చేత్తో వెయ్యడం మొదలెట్టాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, అయినా వాయించా. తప్పినప్పుడల్లా నాలిక చప్పరించేవాడు. ఆరోసారో ఏడోసారో... ఎలా చెప్పనురా, బొటనవేలు నాది కాకుండా పోయింది. దానంతటది నడుస్తోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నట్టు. మనవాడు ఉంటే బాగుండేదనిపించింది. వాడి వాటా వంద రూపాయలు ఇప్పటికీ మనం... సరే వదిలెయ్, ఇది ఏడిచే ఉత్తరం కాదు.

ఆపాక ఆయనేమన్నాడో తెలుసా? "చేయి కుదిరింది. పాట మాత్రం ఏడుపుగొట్టుగా ఉంది, ఇంకోటి నేర్చుకో." హార్మోనియం చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కుర్రాడు బిల్లు రాసేశాడు. ధర చెప్పను, నువ్వు వదినతో చెబుతావు, ఆవిడ మా ఆవిడతో చెబుతుంది.

ఎందుకంటే ఇంట్లో ఇంకా తెలీదు. ఆఫీసు రికార్డు రూములో, పాత ఫైళ్ళ బీరువా వెనక ఉంది. చిన్న గిటారుతో అదో లాభం, పాతదైతే అక్కడ పట్టేది కాదు. భోజనాల వేళ తలుపేసుకుని అరగంట వాయిస్తున్నా. నువ్వు వచ్చేటప్పుడు పదకొండో నంబరు తీగలు ఒక సెట్టు పట్రా, ఇంకా ఆ క్యాపో, తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు, అదే నువ్వు ముక్కుకి

ఒరేయ్, అటెండరు వచ్చి రికార్డు రూము తాళం అడుగుతున్నాడు. ఆడిట్ వాళ్ళకట. ఉంటా ఉంటా

నీ సాంబారు