ఆ రాత్రి మా ఇద్దరి కళ్లూ కాపాడినవాళ్లకు

కాలనీలో అందరికీ నమస్కారం.

పోయిన శనివారం అర్ధరాత్రి మా ఇంటి ముందు కారు చప్పుడు, మా అమ్మ ఏడుపు విని చాలామంది లేచారు. ఏమైందని మర్నాడు ఫోన్లు చేశారు, మెసేజ్‌లు పెట్టారు. ఫోను తెర వైపు చూడలేని స్థితిలో ఉండి ఎవరికీ జవాబివ్వలేదు. ఏమీ అనుకోకండి. ఇప్పుడు చూపు బాగానే ఉంది. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

వేసవి వస్తోంది కదా, మేడ మీద వడియాలు పెట్టుకోవడానికి నడుము ఎత్తు స్టాండు ఒకటి కావాలంది అమ్మ. ఆటోనగర్ వెళ్లి అంగుళం స్క్వేర్ పైపులు కొలతకి కోయించి తెచ్చాను. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను, నాలుగంగుళాల గ్రైండరు నా దగ్గర రెండేళ్లుగా ఉన్నాయి. కారు షెడ్డే నా వర్క్‌షాపు. వారమంతా బ్యాంకులో కుర్చీకి అతుక్కుపోయేవాడికి సెలవురోజున ఇనుము అతకడం ఎంత హాయో ఎంత చెప్పినా మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు.

షెడ్డులో మేకుకి హెల్మెట్టు, గ్లౌజులు, గాగుల్స్ అన్నీ వేలాడుతున్నాయి. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ‘పాపం తెలియక చేశాడు’ అని చాలామంది జాలిపడుతున్నారట. తెలియక కాదు. హెల్మెట్టు పెట్టుకునే మొదలుపెట్టాను. కానీ స్టాండు కాళ్లు మూలమట్టానికి నిలబడాలంటే ముందు టాకులు, అంటే అక్కడక్కడా చిన్న చిన్న అతుకులు, కొట్టుకోవాలి. వెల్డింగ్ రాడ్ వెలిగేదాకా హెల్మెట్టుకున్న ఆ నల్లద్దంలోంచి ఏమీ కనపడదు, కొస ఎక్కడ ఆనుతోందో తెలియదు. టాకు అంటే అర సెకను పనే కదా అని హెల్మెట్టు పైకెత్తి, కళ్లు మూసుకుని కొట్టాను. అలా ఇరవయ్యో పాతికో కొట్టి ఉంటాను. పైపు పట్టుకున్నది మా అన్నయ్య కొడుకు. వాడికి నేను చెప్పిన జాగ్రత్తల్లా ‘మొహం అటు తిప్పుకోరా’ అని ఒక్కటే. దీపావళికి ముందే షెడ్డు గోడలకు తెల్లగా సున్నం వేయించాం. వాడు తిప్పుకున్నది ఆ గోడ వైపే.

తర్వాత అతుకుల మీద పేరుకునే గట్టి పెంకు, అదే స్లాగు, సుత్తితో రాల్చి, గ్రైండరు పట్టి నున్నగా చేశాను. అప్పుడు నా ముక్కు మీదున్నవి పేపరు చదువుకునే కళ్లజోడు. గాగుల్స్ చెమటకి మసకబారుతున్నాయని తీసేశాను. పని ఆరింటికి అయిపోయింది. రాత్రి భోజనాల దగ్గర కూడా ఏమీ లేదు, కుడి కంట్లో ఏదో నలుసు పడినట్టు ఉందంతే.

పన్నెండున్నరకి మెలకువ వచ్చింది. రెండు కళ్లలో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టు మంట. నీళ్లు ధారగా కారుతున్నాయి, లైటు వేస్తే సూదులతో గుచ్చినట్టుంది. గోడ పట్టుకుని లేచేసరికి పక్క గదిలోంచి వాడు, “బాబాయ్, కళ్లు తెరవలేకపోతున్నా” అన్నాడు. అన్నయ్య మా ఇంట్లో ఉంచి చదివించమని అప్పగించిన పిల్లాడు వాడు. ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మొదట దండం పెట్టాల్సింది ఎదురింటి పిన్నిగారికి. ఆవిడ వచ్చేసరికి అమ్మ బంగాళదుంప చక్రాలు తరుగుతోంది. ఇంకెవరో చనుబాలు పోస్తే చలవ చేస్తుందని చెప్పారు. నలభై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి కదా, “అక్కయ్యగారూ, ఆ దుంపలు రేపు వేపుడుకి ఉంచండి, కంట్లో మాత్రం ఏమీ పెట్టొద్దు” అన్నారు. నేను కళ్లు నులుముకుంటుంటే చేతి మీద ఒక్కటేశారు. శుభ్రమైన చన్నీళ్ల గుడ్డ మూసిన రెప్పల మీద వేసి, మమ్మల్ని కారెక్కించారు. రాత్రిపూట కారు తీయడం మానేసి రెండేళ్లయిన బాబాయిగారు మారుమాట లేకుండా తాళాలు తీసుకున్నారు. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న ఆయన కళ్లే ఆ రోజు మా మగాళ్ల ముగ్గురిలోకీ మంచి కళ్లు!

రెండోది మందుల షాపు అబ్బాయికి. దారిలో కారు ఆపించి, “కళ్లు మొద్దుబారే చుక్కలు ఉంటాయట, అవి ఇచ్చెయ్ బాబూ, డబ్బులు ఎంతైనా పర్లేదు” అని నేనే అడిగాను. ఇవ్వనన్నాడు. బతిమాలినా ఇవ్వలేదు, కోప్పడినా ఇవ్వలేదు. “సార్, అవి డాక్టరు చేతిలో ఉండాల్సినవి, నేరుగా కంటాసుపత్రికి వెళ్లండి” అన్నాడు. ఆ చుక్కలు ఇంట్లో పదేపదే వేసుకుంటే నొప్పి తెలియదు గానీ నల్లగుడ్డు మీది పొర మానకుండా పోతుందని, ఒక్కోసారి చూపుకే ముప్పని డాక్టరమ్మ చెప్పాక తెలిసింది. తమ్ముడూ, ఆ రాత్రి నిన్ను అనరాని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు.

కంటాసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “గ్రైండింగా, సుత్తి పనా?” రెండూ అన్నాను. ఆవిడ ముఖం సీరియస్ అయింది. గ్రైండర్ రజను ఎక్కువగా కంటి పైపొరలోనే దిగి ఆగిపోతుందట, సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్కయితే కంటిని చీల్చుకుని లోపలికే పోవచ్చట. అందుకే అంత నిదానంగా చూశారు. రంగు చుక్క వేసి, నీలం లైటులో చూసి, ఇద్దరికీ వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకు కంటి పైపొర కమిలిందన్నారు. ఎండకి చర్మం కమిలినట్టే, కాకపోతే మంట వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో మానిపోతుందని చెప్పాక మా వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

నా కుడి కంట్లో మాత్రం ఇనుప నలుసు దిగి ఉంది. మొద్దుబారే చుక్క వేసి, సూది మొనతో తీసేశారు. సూది కంటి మీదికి వస్తుంటే రెప్ప వేయకుండా కూర్చోవడం ఉందే, అది పగవాడికి కూడా వద్దు. నలుసు పోయినా దాని చుట్టూ నారింజ రంగు వలయం మిగిలింది. తుప్పు! ఆరేడు గంటల్లోనే కంటి తడికి ఇనుము తుప్పు పట్టేసింది. మిగిలినది మర్నాడు గీకి తీశారు. ఎప్పుడైనా ఎమ్మారై తీయించుకోవాల్సి వస్తే కంట్లో ఇనుము పడిందని ముందే చెప్పమని చీటీ మీద రాసిచ్చారు. ఒక్క చివాటు కూడా పెట్టకుండా, ఓపిగ్గా ఇంత విడమరిచి చెప్పినందుకు డాక్టరమ్మకు నమస్కారాలు.

ఇక మేస్త్రీగారు. ఆటోనగర్‌లో నేను పైపులు కోయించింది ఆయన దగ్గరే. విషయం తెలిసి బుధవారం సాయంత్రం పని ముగించుకుని మా షెడ్డుకి వచ్చారు. నా గ్రైండరు చేతిలోకి తీసుకుని, “గార్డు ఏది సార్?” అన్నారు. చక్రాన్ని కప్పే ఆ రేకు అడ్డమొస్తోందని ఏనాడో తీసేశాను. అయిదంగుళాల కటింగ్ చక్రం పట్టాలంటే అది తీయక తప్పలేదు మరి. ఆ గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అయిదంగుళాల చక్రం మీద 12,200 దాకా ఓర్చుకుంటుందని ఉంది, సరిపోయిందిగా అన్నాను. “లెక్క సరే సార్, చక్రం పగిలితే ముక్క ఆగేది దేనికి? మీ మొహానికేగా” అన్నారు. చక్రం మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుందని కూడా అప్పుడే చూపించారు. నా దగ్గరున్న ఎనిమిదిట్లో అయిదింటికి గడువు దాటింది. అన్నీ విరిచి చెత్తబుట్టలో వేశారు.

నేను శనివారం వేసుకున్న ట్రాక్ ప్యాంటు చూసి తల పట్టుకున్నారు. పాలిస్టరు మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, ముతక నూలు ప్యాంటు వేసుకోవాలి, దాని అంచు పైకి మడవకూడదు, ఆ మడతలోనే రవ్వలు దూరతాయట. బనియను పైన ‘వీ’ ఆకారంలో నా మెడ ఎర్రగా కమిలి ఉంటే అది ఎండ అనుకున్నాను. కాదు, అదీ వెల్డింగే. షెడ్డు మూలన ఉన్న పెట్రోలు సీసా, థిన్నరు డబ్బా ఆయనే తీసి బయట పెట్టారు.

పొగ గురించి అడిగాను. జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన పైపు, అతికితే వచ్చే తెల్ల పొగకి సాయంత్రానికి చలి జ్వరం వస్తుందని, పాలు తాగితే, అరటిపండు తింటే విరుగుతుందని తన గురువు చెప్పేవాడని, తాగి తాగి చూశానని, జ్వరం మాత్రం మానలేదని నవ్వారు. అతికే చోట పూత గీకేసి, షట్టరు పూర్తిగా ఎత్తి, పొగ మొహం మీదికి రాకుండా పక్క నుంచి ఫ్యాను పెట్టుకోమన్నారు. హెల్మెట్టు వెలుగును ఆపుతుంది గానీ పొగను ఆపదు. దానికి వేరే మాస్కు కావాలి, జేబురుమాలు కాదు. వెల్డింగ్ పొగ క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2017లోనే తేల్చిందని నేను చదివింది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మాకు రేటు తక్కువ, టైము తక్కువ సార్. అన్నీ తగిలించుకుని చేస్తే పూటకి రెండు గేట్లు తెమలవు. మీకేం తొందర? సెలవురోజు సరదా పనేగా” అన్నారు. ఆయన ముంజేతుల నిండా చిన్న చిన్న తెల్లమచ్చలు. నా దగ్గర సమాధానం లేదు.

డబ్బు తీసుకోలేదు. దానంతటదే నల్లబడే హెల్మెట్లు రెండు కొన్నాను. టాకు కొట్టేటప్పుడు ఎత్తే పనే లేదు, ముందు మామూలుగా కనపడుతుంది, రాడ్ వెలిగిన క్షణంలోనే నల్లబడుతుంది. ఒకటి ఆయనకిచ్చాను. మొహమాటపడుతూనే పెట్టుకుని చూసి, “దీన్లో మూలమట్టం కూడా కనపడుతోందే” అన్నారు. రెండోది మా షెడ్డులో ఉంది. గాగుల్స్ మీద మొహమంతా కప్పే తెరా, మా వాడికి విడిగా చేతి షీల్డూ తెచ్చాను. స్టాండుకి ఇంకా ఒక కాలు అతకాలి. పైపు మళ్లీ తనే పట్టుకుంటానంటున్నాడు. వాళ్ల నాన్నని అడిగి చెప్తానన్నాను.

పిన్నిగారూ, ఆ రెండు రోజులూ మీరు చారన్నం పంపిన స్టీలు క్యారియర్ మా ఇంట్లోనే ఉంది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అమ్మ ఆపింది. ఆదివారం సున్నుండలతో వస్తాం. బాబాయిగారికి షుగర్ కదా, ఆయనకి విడిగా జంతికలు.